లక్ష్మణఫలం మొక్క అమ్ముతాను, మందని చెప్పి అమ్మను

సంపాదకులకు నమస్కారం.

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. మీ జిల్లా పేజీలో ఈమధ్య వరసగా వస్తున్న ఒక ప్రకటన గురించి రాస్తున్నాను. ఆపరేషన్, కీమో లేకుండా ఏ దశలో ఉన్న క్యాన్సర్‌కైనా ఆకు వైద్యం అని ఉంటుంది. కింద సెల్ నంబరు, పక్కన లక్ష్మణఫలం బొమ్మ.

ఆ మొక్క నేనూ అమ్ముతాను. వాట్సాప్ పుణ్యమా అని దానికి గిరాకీ బాగా పెరిగింది కాబట్టి, ఈ ఉత్తరం వల్ల నాకు నష్టమే తప్ప లాభం లేదు. ఇప్పుడు మొక్క వద్దు, ఆకులే కావాలని కూడా వస్తున్నారు. మొన్నామధ్య తుని వైపు నుంచి ఒకాయన వచ్చి, అక్కకి రొమ్ము క్యాన్సర్ అని, ఆకులు కిలో ఎంతని అడిగారు. ఎవరు చెప్పారండీ అంటే మీ పేపర్లో నంబరే చూపించారు.

"ఏ క్యాన్సరని అడిగారా? రిపోర్టులు చూశారా?" అన్నాను.

"లేదండీ, అన్నిటికీ ఒకటే మందంట. ముందు కీమో ఆపెయ్యమన్నారు."

నాకైతే ఆ మాట ఒక్కటీ చాలు. జామ ఆకు మాడిపోతోందని ఎవరైనా వస్తే, నేల ఎలాంటిది, నీళ్లెలా పెడుతున్నారు అని అడక్కుండా మేమే మందు చెప్పం. ఆకులివ్వనన్నాను. ఆయనకి కోపం వచ్చింది. పక్క నర్సరీలో తీసుకునే ఉంటారు.

కీమో కంటే పదివేల రెట్లు శక్తిమంతం అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి దాని మూలం వెతికి చూపించింది. 1990లలో అమెరికాలో లక్ష్మణఫలం గింజల నుంచి తీసిన ఒక రసాయనాన్ని పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద పరీక్షించారట. అదీ ల్యాబులో, గాజు పాత్రలో. ఆకు కషాయం కాదు, మనిషి ఒంట్లో అసలే కాదు. గింజల ఘాటు మనకి కొత్తా? అదే జాతి సీతాఫలం గింజల పొడి పేలకి పట్టిస్తే, కంట్లో పడి ఆస్పత్రికి పరిగెత్తినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పాత్రలో కణాన్ని చంపినంత మాత్రాన మందైపోదు. పైగా గ్వాడెలూప్ అనే కరీబియన్ దీవిలో ఈ పండు, ఆకుల టీ ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లలో పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే నరాల జబ్బు) లాంటి జబ్బు ఎక్కువగా కనిపించిందని 1999లోనే ఫ్రెంచి డాక్టర్లు అనుమానం వ్యక్తం చేశారు. పండు తినొద్దని నేననను. జ్యూస్ చేస్తే భలే ఉంటుంది.

ఇక 'నయమైనవాళ్ల' కథలు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ సిద్ధూ, తన భార్యకి నాలుగో దశ క్యాన్సర్ వేపాకు, పసుపు, నిమ్మరసం వంటి ఆహారంతో తగ్గిందన్నారు. ముంబై టాటా మెమోరియల్‌కి చెందిన 262 మంది క్యాన్సర్ డాక్టర్లు సంతకాలు పెట్టి, ఇలాంటివి నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దని ప్రకటన ఇచ్చారు. ఆమెకి ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. ఫార్వర్డుల్లో పసుపు మిగిలింది, కీమో ఎగిరిపోయింది.

మొక్కల్లో మందు లేదని నేను అనడం లేదు. నర్సరీవాణ్ణి, ఎలా అంటాను? మేం వింకా అని అమ్మే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే కీమోలో విన్‌క్రిస్టిన్ ఉంటుంది. కానీ వందల కిలోల ఎండుటాకు నుంచి గ్రాము మందు తీసి, మోతాదు లెక్కగట్టి నరానికి ఎక్కిస్తారు. పెరట్లో ఆకు నమిలితే విషం.

వాంతులవుతాయని, జుట్టు రాలుతుందని జనం భయపడటం నిజమే. ఆ ప్రకటనలు బతికేది ఆ భయం మీదే. యేల్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఇంకా వేరే భాగాలకు పాకని క్యాన్సర్‌లో అసలు వైద్యం మానేసి ఇలాంటివాటినే నమ్ముకున్నవాళ్లకి చావు ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లు దాటింది. తునాయన అక్క గుర్తొచ్చి ఆ లైను రెండుసార్లు చదివించుకున్నాను.

అయ్యా, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో, అంటే నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల జాబితాలో, క్యాన్సర్ ఉంది. దాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే కాదు, అలాంటి ప్రకటన ప్రచురణలో పాలుపంచుకోవడం కూడా నేరమే. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ప్రకటనలతో మాకు సంబంధం లేదని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తున్నారు, చూశాను. అది చాలదు. అదే జాగాలో విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి గురించో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఎలా పొందాలో వేయండి. ఆ ప్రకటన మళ్లీ కనిపిస్తే, కత్తిరించి ఔషధ నియంత్రణ శాఖకి పంపుతాను. కాపీ మీకూ వస్తుంది.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు, కడియపులంక, తూర్పు గోదావరి జిల్లా