బేరియం పరీక్షకు ఒక్క ఫిల్మ్ చాలదు

సంపాదకులకు,

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో కడుపు నొప్పి, నల్లటి విరేచనాలు, రక్తం తగ్గడం అంటూ వెళ్లినవారికి కొన్నిచోట్ల ముందు మామూలు పొట్ట ఎక్స్‌రే తీసి, ‘గడ్డ లేదు’ అని పంపేస్తున్నారు. ఆ ఫిల్మ్‌లో జీర్ణాశయం గోడ, అందులోని గడ్డ, పక్కనున్న పేగు అన్నీ దాదాపు ఒకే నీడ. గడ్డ లేదనడానికి అందులో ఆధారమే ఉండదు.

ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం పంపి చూడటం) కోసం బరంపురమో విశాఖో వెళ్లలేనివారికి బేరియం పరీక్ష (ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రవం తాగించి జీర్ణాశయాన్ని ఫిల్మ్ తీయడం) పనికొస్తుంది, సరిగ్గా చేస్తేనే. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు. పాన్, గుట్కా, బీడీ కూడా వద్దు. నోరూరి, ఆ లాలాజలం లోపలికి దిగితే బేరియం గోడకు అంటదు. ముందు జీర్ణాశయాన్ని ఉబ్బించే గ్యాస్ పొడిని 10-15 మి.లీ. నీటితో మింగించి, తేన్పు ఆపుకోమనాలి. వెంటనే 100 మి.లీ. పైచిలుకు చిక్కటి బేరియం తాగించి, బల్లమీద మూడు నాలుగుసార్లు పూర్తిగా దొర్లించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ దొర్లించడమే. నిలబెట్టి ఒక్క ఫిల్మ్ తీసి ముగిస్తే సెంటీమీటరు లోపు పాలిప్ (లోపొర మీద పెరిగే చిన్న బుడిపె) దొరకదు. వెల్లకిలా, బోర్లా, రెండు పక్కలకూ తిప్పి తీయాలి. జీర్ణాశయం కింది భాగాన్ని ప్యాడ్‌తో నొక్కి చూడాలి. మచ్చ చోటు మారితే అది అన్నం మెతుకో గాలి బుడగో, మారకపోతే అనుమానించాలి.

లియోమయోమా (క్యాన్సర్ కాని కండర గడ్డ) వంటివి లోపొర కింద పుడతాయి. అంచు నున్నగా ఉంటుంది, గోడతో లంబకోణమో అంతకన్నా విచ్చుకున్న కోణమో చేస్తుంది. పైన పుండు పడితే బేరియం అక్కడ నిలిచి, గడ్డ నడుమ బొట్టు పెట్టినట్టుంటుంది. నల్లటి విరేచనాలకు కారణం చాలాసార్లు ఆ పుండే. అయితే లియోమయోమాకూ, జీర్ణాశయం గోడలోనే పుట్టి, ముదిరితే ప్రమాదమయ్యే జిస్ట్ (GIST) అనే మరో రకం గడ్డకూ ఎక్స్‌రేలో తేడా తెలియదు. ఎండోస్కోపీలో పైపైన తీసిన ముక్క కూడా మామూలు పొరగానే రావచ్చు. కాబట్టి రిపోర్టులో ‘క్యాన్సర్ కాదు’ అని తేల్చేయకుండా గడ్డ ఎక్కడుంది, ఎంత సైజు, పుండు ఉందా అన్నవి రాసి, పెద్దాసుపత్రికి పంపాలి. రెండు సెంటీమీటర్లు దాటిన పాలిప్‌నయితే అసలు వదలకూడదు.

వరుస కూడా ముఖ్యమే. ఇవాళ ఇక్కడ బేరియం తాగించి రేపు విశాఖలో ఎండోస్కోపీకి వెళ్లమంటే రోగికి రైలు ఖర్చు దండగ: లోపల మిగిలిన బేరియం కెమెరాకు అడ్డం, సీటీ స్కాన్‌లోనూ చారలు తెస్తుంది. ఎండోస్కోపీకి ఎలాగూ పంపేటట్టయితే బేరియం మానేయడమే మేలు. జీర్ణాశయానికి చిల్లు పడిందన్న అనుమానముంటే బేరియం ఇవ్వనేకూడదు.

జిల్లా ఆసుపత్రుల్లో బేరియం పరీక్షకు వారానికి ఒక రోజు కేటాయించి, ఫిల్ములన్నీ రోగి చేతికివ్వాలని మా మనవి. ముందురోజు ఇచ్చే సూచనల చీటీ ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. పరగడుపున రమ్మన్న మాట అర్థంకాక టిఫిన్ చేసి వచ్చినవారిని వెనక్కి పంపాల్సి వస్తోంది. పరీక్షయ్యాక నీళ్లు బాగా తాగాలని, రెండు మూడు రోజులు విరేచనం తెల్లగా వస్తుందని, గర్భం ఉందేమోనన్న సందేహముంటే ముందే చెప్పాలని కూడా ఆ చీటీలోనే రాయాలి.

— ఎక్స్‌రే విభాగంలో పనిచేసే కొందరు, బరంపురం