లూసర్న్‌కి రోజూ తడి ఎందుకు?

సంపాదకులు గారికి,

మీ వ్యవసాయం పేజీలో లూసర్న్ అనే పశుగ్రాసం గురించి రాసినప్పుడల్లా "వారం, పది రోజులకో తడి" అని ఒక్క ముక్కతో వదిలేస్తున్నారు. ఏ నేలకి, ఏ నెలలో అన్నది చెప్పకపోతే మా అనంతపురం వైపు రైతుకి అది అక్కరకు రాదండీ. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే చోటు ఇది.

ఇక్కడ ఏం జరుగుతోందంటే, పగలు 9 గంటలు ఉచిత కరెంటు వస్తుంది కదా అని కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా ఆటో స్టార్టర్ పెట్టేసి రోజూ మడిని పైపైన తడిపేస్తున్నారు. ఆకు పచ్చగానే ఉంటుంది, టెన్షన్ ఉండదు. కానీ పై రెండంగుళాల్లోనే పదును దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? మీటర్ల లోతుకి పోగల లూసర్న్ వేరు పైనే ఉండిపోతుంది, మోటారు కాలి నాలుగు రోజులు నీళ్లు ఆగాయంటే మడంతా వాడిపోతుంది. పోసిన నీళ్లలో చాలావరకు ఎండకే పోతాయి, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది. నల్లరేగడిలో అయితే జాలు పట్టి వేరు కుళ్లుతుంది, గాలిలోని నత్రజనిని పట్టే వేరు బుడిపెలకి గాలి ఆడక ఆ పని ఆగిపోతుంది. అనుమానముంటే ఒక మొక్కని మెల్లగా తవ్వి తీసి బుడిపెని గోటితో గిల్లి చూడండి: లోపల గులాబీ రంగుంటే పని చేస్తున్నట్టు, ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే లేనట్టు.

అలాగని మరీ ఎండగట్టకూడదు. కింది ఆకు రాలి కాడలు మిగులుతాయి, గేదెకి కావాల్సిన మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే.

మేం కోత అయ్యాక ఒక నిండు తడి ఇస్తాం. ఆ తర్వాత జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, ఉండ కట్టకుండా రాలిపోతేనే మళ్లీ మోటారు వేస్తాం. ఎర్రగరప నేలలో వేసవిలో వారం లోపే ఆ పరిస్థితి వస్తుంది, చలికాలంలో రెండు వారాలైనా ఆగొచ్చు. విత్తిన తొలి రోజుల్లో మాత్రం మొలక వేరు పట్టేదాకా తేలికపాటి తడులు దగ్గర దగ్గరగా ఇవ్వాల్సిందే. బోరు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు లూసర్న్ జోలికి పోకుండా వానకాలంలో ఉలవ, అలసంద, స్టైలో లాంటి మేత పంటలు వేసుకుంటే మేలు.

ఈసారి పశుగ్రాసాల గురించి వేసేటప్పుడు నేలవారీగా, కాలంవారీగా, లేత పంటకి విడిగా ఒక పట్టిక వేయండి. కత్తిరించి మోటారు షెడ్డులో అతికించుకుంటాం.

– ఒక పాడి రైతు, అనంతపురం జిల్లా