తల దించి పలికే స్వరాలు

కన్నా,

నువ్వు షకుహచి మీద, అదే ఆ జపాను వెదురు వేణువు మీద, ఊది పంపిన ‘క్యోరేయి’ రచన విన్నాను. మీ నాన్నకు చాలా నచ్చింది. ఆయనకు నువ్వేం వాయించినా నచ్చుతుంది కాబట్టి ఆ మాటను లెక్కలోకి తీసుకోకు. నీ ‘రో’ మాత్రం నిజంగానే బాగుపడింది. అయిదు రంధ్రాలూ మూసి పలికించే ఆ కింది స్వరంలో ఇప్పుడు గాలి రొద తగ్గి వెదురు నాదం వినిపిస్తోంది. రోజూ పొద్దున్నే ‘రో’ ఒక్కటే ఊదుతున్నావని అర్థమైంది. అది మానకు.

ఇబ్బందంతా ‘మెరి’లో, అంటే తల దించి శ్రుతి తగ్గించడంలో ఉంది. మొదటి రంధ్రం తెరిస్తే పలికే ‘త్సు’ను అలా తగ్గించాల్సిన ‘త్సు’ మెరి వచ్చిన ప్రతిసారీ నీ శ్రుతి కాస్త పైకే ఉండిపోతోంది. తల దించుతున్నావు, కాని దించిన చోట స్వరం సన్నగిల్లుతుందేమోనని భయపడి గట్టిగా ఊదుతున్నావు. దించడం వల్ల తగ్గిన శ్రుతి ఆ ఊదుడుతో మళ్లీ పైకి లేస్తోంది. దవడ వదులు చెయ్యి. మొదటి రంధ్రాన్ని ఇంకొంచెం మూసి, గడ్డం ఇంకొంచెం దించు. చిన్నప్పుడు నేర్చుకున్న సరళి స్వరాలు ఇక్కడ పనికొస్తాయి. ‘రో’ను షడ్జమం అనుకుంటే త్సు మెరి శుద్ధ రిషభం. ‘రో’ నిలిపి, ఆ రిషభాన్ని ముందు గొంతుతో పాడి, ఆ తర్వాతే ఊదు. ట్యూనర్‌ను ఊదేటప్పుడు చూడకు, ఊదాక చూడు. కంటితో సరిచేసుకున్న శ్రుతి చెవికి అలవాటు కాదు.

ఒక సంగతి గమనించావా? తల కదపకుండా వేళ్లు ఒక్కొక్కటే తీస్తూ పోతే షకుహచిలో వచ్చేవి మన శుద్ధ ధన్యాసి స్వరాలే: స, గ, మ, ప, ని. కాని ఈ సంగీతంలో దిగులు పలికేది ఆ తెరిచిన స్వరాల్లో కాదు. మెరితో పుట్టే శుద్ధ రిషభంలో, శుద్ధ ధైవతంలో పలుకుతుంది. అవి మసకగా, మెత్తగా ఉండాల్సిన స్వరాలు. వాటిని ‘రో’ అంత బిగ్గరగా పలికించాలని చూస్తే వెలుగూ నీడా ఒకటైపోతాయి. భావం రావడం లేదని రాశావు కదా, ముందు ఇది సరిచేసి చూడు.

ఇక ‘మురయికి’. అంత ఉధృతంగా ఊదడం నీకు చేతనవుతుందని తెలుసు, సంతోషం. కాని క్యోరేయిలో దానికి చోటు లేదు. ఫుకె అనే చైనా భిక్షువు మోగించిన గంటను ఆయన ఆరాధకుడొకడు వేణువు మీద అనుకరించగా పుట్టిందని ఐతిహ్యం ఉన్న రచన అది. ఫుకె శాఖ కొముసో సన్యాసులు ముఖాన్ని కప్పే బుట్ట టోపీ పెట్టుకుని ఇలాంటివి ఊదుతూ బిచ్చమెత్తేవారు. 1871లో మెయిజి ప్రభుత్వం ఆ శాఖనే రద్దు చేసింది, రచనలు మాత్రం నిలిచాయి. వీటికి తాళం లేదు, ఊపిరే కొలత. నువ్వేమో మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెడుతున్నావు. నాకిక్కడికి తెలుస్తోంది! ప్రతి వాక్యం చివర స్వరాన్ని టక్కున కోసేస్తున్నావు. వెదురాకులా సన్నగా మొదలై, మధ్యలో విచ్చుకుని, కొసకు మళ్లీ సన్నబడాలి. ఊపిరంతా ముందే ఖర్చు పెడితే ఆ కొస రాదు. తర్వాతి ఊపిరి కూడా కంగారుగా పీల్చకు. ఆ నిశ్శబ్దమూ రచనలో భాగమే.

తల ఊపి స్వరాన్ని వణికించే ‘యురి’ కూడా ఎక్కువైంది. తల ఊపడానికి మూడేళ్లు, వేళ్లు ఆడించి పలికించే ‘కొరో’కు ఎనిమిదేళ్లు అని అక్కడి సామెత. నువ్వు మూడేళ్ల పనిని మూడు నిమిషాల్లో కుమ్మరించావు. పొడుగు స్వరాల చివర మాత్రమే ఉంచు. ఒకే స్వరం రెండుసార్లు వచ్చినప్పుడు నాలుకతో విడగొట్టకుండా వేలితో తట్టడం బాగుంది, ఆ తట్టు ఇంకా చురుగ్గా ఉండాలి.

వచ్చేసారి పూర్తి రచన పంపొద్దు. ‘రో’, త్సు మెరి, మళ్లీ ‘రో’, అంతే పంపు. మీ గురువుగారు వేరేలా చెబితే ఆయన మాటే విను, నేను చెప్పానని మాత్రం అనకు.

టోక్యోలో చలికాలం గాలి బాగా పొడిగా ఉంటుంది. ఊదాక లోపల తడి తుడిచి, వేణువును ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టు. హీటర్ దగ్గర ఉంచావంటే పగులుతుంది. పగిలితే దారంతో కట్టించడానికి అయ్యే డబ్బులు నీవే.

అమ్మ