ఆ రోజు గాలి ఎటు వీచింది?

సంపాదకులకు,

ఫ్రాన్స్‌లో ఏటా జరిగే నీస్–కాన్ మారథాన్ గురించి ఎవరు రాసినా సముద్రం అందం దగ్గరే ఆగిపోతారు. పరుగెత్తేవాళ్లకు అంతకన్నా ముఖ్యం గాలి. 42.195 కిలోమీటర్లూ మొత్తమ్మీద ఒకే దిక్కుకు; వీపున తగిలితే వరం, ముఖాన కొడితే చుక్కలే. అందుకే ప్రపంచ రికార్డుకు ఒక నిబంధన ఉంది: మొదలయ్యే చోటుకీ ముగిసే చోటుకీ మధ్య సూటి దూరం పరుగులో సగం మించకూడదు. ఇక్కడ అది మించుతుంది. ఇలాగే ఒకే దిక్కుకు సాగే అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 2011లో కెన్యా పరుగువీరుడు జెఫ్రీ ముతాయ్ అప్పటి ప్రపంచ రికార్డు కన్నా వేగంగా, 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో చేరినా రికార్డు దక్కలేదు (అక్కడ పల్లమూ ఎక్కువేలెండి). ఇలాంటి పరుగుల్లో సమయాలు వేసేటప్పుడు గాలి ఎటు వీచిందో కూడా ఒక్క ముక్క రాయించండి.

— ఒక పాఠకుడు