ఫార్మాట్ చెయ్యకుండా నా లాప్‌టాప్ కాపాడిన అమ్మాయికీ, వాళ్ల బాబాయి గారికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. తెనాలిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మా పని. షాపు లాప్‌టాప్‌ని విండోస్ 11కి మార్చడంలో సాయపడ్డ ఇద్దరికి నలుగురి ముందూ థాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఒకరు మా దగ్గర రిపోర్టు ప్రింట్ తీయించుకోవడానికి వచ్చిన ఇంజనీరింగ్ ఫైనలియర్ అమ్మాయి, ఇంకొకరు హైదరాబాద్‌లో కంప్యూటర్ సపోర్టు పనిచేసే వాళ్ల బాబాయి గారు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మా షాపుకి రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. వాటిలో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్‌లో వాటిని తెరవడం నాకు ఇష్టం లేదు. పోనీ లాప్‌టాప్ మరీ పాతదా అంటే అదీ కాదు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, సెక్యూర్ బూట్ అనే రక్షణ, ఇలా విండోస్ 11 అడిగేవన్నీ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే యాప్ కూడా పనికొస్తుందనే చెప్పింది. తీరా సెటప్ మొదలుపెడితే మధ్యలో ఆగి, ఒక యాంటీవైరస్ పేరు చూపించి, ఇది విండోస్ 11తో కుదరదు, తీసేయండి అంది.

ఆ యాంటీవైరస్ నేను వేసుకున్నది కాదు. లాప్‌టాప్ కొన్నప్పుడే కంపెనీ వాళ్లు ట్రయల్‌గా వేసిచ్చింది. గడువు అయిపోగానే అన్‌ఇన్‌స్టాల్ చేసేశాను. సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టులో లేదు, కంట్రోల్ ప్యానెల్‌లోనూ లేదు. లేని సాఫ్ట్‌వేర్‌ని ఎక్కణ్నుంచి తియ్యాలి? బయట అడిగితే కొందరు ఫార్మాట్ కొట్టించమన్నారు, కొందరు కొత్తది కొనేయమన్నారు. డీటీపీ వాళ్లకి ఫార్మాట్ అంటే ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు సెట్టింగులు, వాటితో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు. సరైన ఫాంటు లేకుండా ఆ ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

ఇదంతా ఆ అమ్మాయి ప్రింట్ కోసం కూర్చుని వింది. "అంకుల్, ఫార్మాట్ వద్దు. సెటప్ ఎందుకు ఆగిందో అదే ఎక్కడో రాసుకుంటుంది, ముందు అది చూద్దాం" అంది. బాబాయి గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆయన అన్న మొదటి మాట, "అన్నగారూ, ముందు బ్యాకప్ తీయండి." ఫాంట్ల ఫోల్డరుతో సహా అంతా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వెళ్లాకే మిగతా విషయం మాట్లాడారు.

సి డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే విండోస్ బీటీ అనే ఫోల్డరు ఉంటుంది. హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తే తప్ప కనిపించదు. అందులో సోర్సెస్, దాన్లో పాంథర్. అక్కడ కంపాట్‌డేటా అని మొదలయ్యే ఎక్స్ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి. ఆ అమ్మాయి వాటిలో అన్నిటికంటే కొత్త తేదీ ఉన్న ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్ ఎఫ్ నొక్కి "హార్డ్" అని వెతికింది. బ్లాకింగ్ టైప్ హార్డ్, అంటే సెటప్‌ని ఆపేసేది, అని ఉన్న వరసలోనే ఆ యాంటీవైరస్ పేరు దొరికింది. యాప్ పోయినా దాని తాలూకు డ్రైవర్, అంటే విండోస్ లోపలి పొరల్లో పనిచేసే చిన్న ప్రోగ్రాం, సిస్టమ్ లోపల అలాగే ఉండిపోయిందని బాబాయి గారు వివరంగా చెప్పారు. ఇలాంటి వాటిని విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్ 32 ఫోల్డరులోకి వెళ్లి చేత్తో డిలీట్ చెయ్యకూడదట. యాంటీవైరస్ డ్రైవర్లు ఫైళ్లు తెరిచే దారిలోనే కూర్చుంటాయి కాబట్టి, ఫైలు పోయి, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో పేరు మిగిలితే ఒక్కోసారి మెషీన్ బూట్ కూడా అవ్వదు.

దానికి ఆ యాంటీవైరస్ కంపెనీ వాళ్లే రిమూవల్ టూల్ ఇస్తారు. వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోవాలని ఆయన గట్టిగా చెప్పారు. మేం దాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ తప్పనిసరి వాటితో మాత్రమే తెరుచుకునే పద్ధతిలో, నడిపాం. అందులోకి వెళ్లడానికి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టే ముందు, బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ దగ్గర ఉందో లేదో చూసుకోమన్నారు, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అది అడగొచ్చు. టూల్ పని అయ్యాక, పీఎన్‌పీ యుటిల్ అనే కమాండ్‌తో బయటి కంపెనీల డ్రైవర్ల లిస్టు తీసి, ఆ యాంటీవైరస్‌ది ఇంకేమైనా మిగిలిందేమో ఒక్కొక్క వరసా చదివారు. లాప్‌టాప్ కంపెనీ పేరుతో ఉన్న ఇంకో డ్రైవర్ నేను చూపించి ఇదీ తీసేద్దామా అంటే ఆ అమ్మాయి ఆపింది. "అది హాట్‌కీలది అంకుల్, తీసేస్తే బ్రైట్‌నెస్ బటన్లు పనిచెయ్యకపోవచ్చు." ఏది తియ్యాలో తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. ఏది ముట్టుకోకూడదో చెప్పగలిగింది ఆ అమ్మాయే.

అందరికీ అడ్డు తగిలేది యాంటీవైరస్సే కాదని కూడా బాబాయి గారు చెప్పారు. విండోస్ 11 వచ్చిన కొత్తలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ ఆడియో డ్రైవర్ 10.29.0.5152, 10.30.0.5152 వెర్షన్లు ఉన్న మెషీన్లకి మైక్రోసాఫ్టే అప్‌గ్రేడ్ ఆపేసింది. అక్కడ డ్రైవర్ తీసెయ్యడం కాదు, కొత్త వెర్షన్ వేసుకోవడం మందు. అందుకే ముందు లాగ్, అంటే సెటప్ రాసుకున్న ఆ ఫైలు, చదవాలంటారు ఆయన.

మళ్లీ సెటప్ నడిపితే ఈసారి ఆ మెసేజ్ రాలేదు. ఫైళ్లూ యాప్‌లూ ఉంచుకునే ఆప్షన్ ఎంచుకున్నాం. విండోస్ 11 వచ్చాక మొదట ఒక పాత శుభలేఖ తెరిచాను, తెలుగు ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. పాత విండోస్‌కి తిరిగి వెళ్లాలంటే పది రోజుల్లోపే వెళ్లాలి కాబట్టి, ఈలోగా ప్రింటర్, స్కానర్, ఫాంట్లు అన్నీ వాడి చూడమన్నారు. చూశాను, అన్నీ బాగున్నాయి.

అమ్మాయీ, నీ సొంత రిపోర్టు పక్కన పెట్టి, ఎక్కడా విసుక్కోకుండా, ఏం నొక్కుతున్నావో ఎందుకు నొక్కుతున్నావో చెప్పి మరీ చేశావు. డబ్బులిస్తే తీసుకోలేదు. బాబాయి గారూ, ముఖం కూడా చూడని నాకోసం డ్యూటీ అయ్యాక ఫోన్‌లో అంతసేపు ఉన్నారు. మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాది తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ రోజు శుభలేఖల కోసం వచ్చి, నా అవస్థ చూసి, రేపు ఇవ్వండి పర్లేదు అన్న పెద్దమ్మ గారికి కూడా.

తెనాలి చుట్టుపక్కల ఎవరికైనా సెటప్‌లో ఇదే మెసేజ్ వస్తుంటే, ఫార్మాట్ కొట్టించే ముందు ఒకసారి మా షాపుకి రండి. ఆ కంపాట్‌డేటా ఫైలు ఎక్కడుందో, ఎలా చదవాలో చూపిస్తాను. బ్యాకప్‌కి ఖాళీ డిస్కు ఒకటి వెంట తెచ్చుకోండి.