మోదుగు కొమ్మకి పిట్టలు

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

ఒరే మావా,

కవరు చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం కులాసా. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో మొదలెడితే రెండో మాటకే "ఇంతకీ ఎంతయింది?" అని అడ్డొస్తావు. కాగితం మీదైతే ఆ బాధ లేదు. మొత్తం చదవాల్సిందే.

మా బట్టల కొట్టుకి దీపావళికి ముందు, వీధిలోకి సరుకు కనిపించేట్టు అద్దం పెట్టించాం కదా. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, లోపల రెండున్నర అడుగుల లోతు. అప్పట్నించీ నాన్న దాన్ని బీరువాలాగే వాడుతున్నాడు. ఒకరోజు లెక్కెట్టాను, నలభై రెండు చీరలు. మడత మీద మడత, సందులో నైటీలు, వాటి పైన తువ్వాళ్ళు. రోడ్డు మీద పోయేవాడికి రంగుల గోడ కనిపిస్తుంది గానీ చీర కనిపించదు. ఈ ఫాల్గుణంలోనైనా అదంతా తీసేసి వసంతం పెడదాం, చీరలు మూడంటే మూడే ఉంచుదాం అన్నాను. "ఖాళీగా ఉంటే సరుకు లేదనుకుంటారు" అన్నాడు. ఆ ఒక్క మాట మీద వారం రోజులు ఎడమొహం పెడమొహం. అమ్మ ఇద్దరికీ విడివిడిగా వడ్డించింది.

నువ్వు హైదరాబాదు మాల్‌లో తీసి పంపిన ఫోటోలు చూశాను. బాగున్నాయి, కాదనను. కానీ ఆ గులాబీరంగు చెర్రీ పూలు మనవైపు ఎవడు చూశాడ్రా? మన వసంతం అంత పచ్చగా కూడా ఉండదు. మహేంద్రగిరి వైపు బస్సెక్కి చూడు. ఎండిన కొండ, రాలిన ఆకులు, వాటి మధ్యలో ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా మండిపోతున్న మోదుగు. అదే పెడదాం అనుకున్నాను. ఆకుల్లేని కొమ్మంటే అద్దంలో చోటు కూడా మిగులుతుంది. నా దొంగ లెక్క అది.

కొమ్మ కోసం పెద్ద తిరుగుడేం లేదు. పెరట్లో కొట్టేసిన జామ కొమ్మ రెండు వారాలు ఎండలో పడేశాను, లోపల పురుగుంటే పోతుందని. పాత రంగు డబ్బాలో ఇసుకా కంకరా పోసి నిలబెట్టి, పై కొస పడిపోకుండా గాలానికి వాడే నైలాను దారంతో కప్పుకి కట్టాను. దారం కనిపించదు.

పువ్వు దగ్గరే నా ప్రాణం తోడేసింది. మోదుగు పువ్వుని దగ్గరగా ఎప్పుడైనా చూశావా? సంస్కృతంలో కింశుకం అంటారు, "చిలకేనా?" అని. అడుగున వంకర తిరిగిన రేకు అచ్చం చిలక ముక్కే. దానికి అటూ ఇటూ రెండు చిన్న రెక్కలు, వెనక్కి విరుచుకున్న పెద్ద రేకు ఒకటి. పూలు క్రేప్ కాగితంతో చేశాను. దాని మీద ముడతలుంటాయి చూడు, అవి రేకుకి నిలువుగా వచ్చేట్టు కత్తిరించాలి. అప్పుడే బొటనవేళ్ళతో మధ్యలో అటూ ఇటూ లాగితే దొన్నెలా గుంట పడుతుంది. అడ్డంగా కత్తిరించావో, ఎంత లాగినా సాగదు. ఇది నాకు తెలిసేసరికి ఒక కట్ట కాగితం చెత్తబుట్టలో ఉంది. తొడిమ దగ్గర నల్లటి ముఖమల్‌లాంటి గిన్నె ఉంటుంది కదా, దానికి దర్జీ దగ్గర నల్ల వెల్వెట్ జాకెట్ ముక్కలు ఏరుకొచ్చాను. నిజం పువ్వుకన్నా అదే బాగా కుదిరిందని నా పొగరు.

జిగురు మాత్రం చింతపిక్కలది. మనవైపు పటచిత్రాలు వేసేవాళ్ళూ, గుండ్రటి గంజపా పేకముక్కలు చేసేవాళ్ళూ గుడ్డకి పట్టించేది అదే కదా. పిక్కలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి ఉడికించాను. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేశాను. అది విషం కాబట్టి గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదన్నాను. అమ్మకి కోపం వచ్చింది. అది ఆవిడ పులుసు గిన్నెట.

మొదటి విడత అరవై పూలు. వెనక తెరగా పొందూరు ఖద్దరు కట్టాను. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన నూలు, ఆ తెలుపు ఇంకే గుడ్డకీ రాదు. నాలుగో రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. అద్దం పైన సందు మూయించలేదు, తప్పు నాదే. జల్లు లోపలికొచ్చి పూలన్నీ తలలు వేలాడేశాయి, కాషాయం రంగు కారి ఖద్దరు మీద చారలు పడ్డాయి. నాన్న ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

రెండో విడతకి బుద్ధొచ్చింది. కొవ్వొత్తులు కరిగించి ప్రతి పువ్వునీ అందులో ముంచి తీశాను. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. కాగే నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. పల్చగా పట్టాలి, మందంగా పడితే పువ్వు సబ్బుబిళ్ళలా ఉంటుంది. పైగా మనది పడమటి మొహం, సాయంత్రం ఎండకి అద్దం వెనక మెత్తబడి కూర్చుంటుంది. మైనంతో రంగు ఒక మెట్టు ముదిరి, నిజం మోదుగుకి ఇంకా దగ్గరైంది. ఇది మాత్రం నా తెలివి కాదు, అదృష్టం.

అద్దం సంగతి ఇంకొకటి. పగలు ఎదురుగా నిలబడి చూస్తే కనిపించింది నా మొహం, నా వెనక మందుల షాపు బోర్డు. బయట వెలుతురు లోపలికన్నా ఎక్కువైతే అద్దం కాస్తా దర్పణం అయిపోతుంది. అందుకని బయట షామియానా గుడ్డతో చిన్న చూరు దించాను. లైట్లని వెనక నించి తీసేసి, ముందు పైమూలల్లో పెట్టి కొమ్మ మీదకి వంచాను. తెల్ల ట్యూబులైటుకి పువ్వు ఇటిక ముక్కలా ఉంది, పసుపు వెలుగు బల్బుకి నిప్పు రాజుకున్నట్టుంది.

ఏం రాయాలన్నది మరో గొడవ. 1936 ఏప్రిల్ 1న మన ఊరు ఒడిశాలోకి వచ్చింది కదా, కొట్టు బోర్డు మీద ఒడియా పైన, తెలుగు కింద. మరి అద్దం మీద ఏ భాష? ఉగాది అని రాస్తే ఒడియా వాళ్ళు మాది కాదనుకుంటారు, వాళ్ళ సంవత్సరాది పణా సంక్రాంతి అని రాస్తే మనవాళ్ళు అనుకుంటారు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఈ మాట అనకూడదు గానీ, చివరికి ఏ అక్షరమూ లేకుండా వదిలేశాను. మోదుగుకి అనువాదం అక్కర్లేదు కదా. వెనక గుడ్డ మీద కొండల్లో సవరవాళ్ళు వేసే ఇడితాల్ బొమ్మలు వేయించమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఒప్పుకోలేదు. ఇడితాల్ అంటే ఇంటి గోడ మీద దేవతల కోసం, పెద్దల కోసం వేసేది. దాని పక్కన ధర చీటీ వేలాడదీయడానికి నాకు చేతులు రాలేదు.

చీరలు మూడు పెట్టాను. కుంభం అంచున్న బరంపురం పట్టు ఒకటి కొమ్మ కింద జారినట్టు, పసుపు నేత చీర ఒకటి, తెల్లది ఒకటి. పట్టుచీర ఎండకి వెలిసిపోతుందని మధ్యాహ్నం తీసేసి దీపాలవేళ మళ్ళీ పెడుతున్నాను. నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి నాలుగోది చేరింది. మర్నాటికి ఐదోది. గురువారానికి ఏడు. నాన్న పేపరు చదువుతున్నట్టు తల ఎత్తడు.

మొన్న సంత రోజున కొండ మీంచి వచ్చిన ఓ ముసలమ్మ అద్దం ముందు ఆగింది. చాలాసేపు చూసింది. నేను ఉబ్బిపోయి బయటికొచ్చాను. "పువ్వు బాగుంది నాయనా, గోరింకలేవీ? పిట్ట వాలని మోదుగేటి?" అంది. నిజమేరా! తేనె కోసం ఆ చెట్టు మీద గోరింకలు చేసే రభస మర్చిపోయాను. ఆవిడ ఓ తువ్వాలు కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఇదంతా లోపల్నించి నాన్న విన్నాడు. సాయంత్రం ఎక్కడికో వెళ్ళి కాగితం పొట్లంతో వచ్చాడు. కొమ్ము పనివాళ్ళ దగ్గర్నించి గేదె కొమ్ముతో చేసిన పిట్టలు, మూడు. నున్నగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ముక్కుకీ కంటి చుట్టూ పసుపు రంగు నేను వేశాను, రెక్క మీద తెల్లచుక్క ఆయన వేశాడు. చెయ్యి వణికింది గానీ బాగానే కుదిరింది. మూడో పిట్టకి కొమ్మ మీద చోటు చాలలేదు. కాసేపు చూసి, తనే రెండు చీరలు తీసి లోపల పెట్టాడు.

ఇంకా ఐదున్నాయి. నేనేం అనలేదు.

ఉగాదికి వస్తానన్నావు. నౌపడాలో దిగి గుణుపురం బండి ఎక్కెయ్, స్టేషనుకి బండి తెస్తాను. వచ్చేటప్పుడు పసుపు వెలుగు చిన్న ఫోకస్ లైట్లు రెండు పట్రా, ఇక్కడ దొరికేవి మరీ పెద్దవి. ఎంతయిందో అప్పుడు అడుగు, చెప్తాను.

నీ
కొట్టు గుమాస్తా