నోరా ఔనోర్‌కి ఆరు లైన్లేనా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సినిమా పేజీ అడుగున 'డ్రగ్స్ కేసు నటి మృతి' అని ఆరు లైన్లు వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ చనిపోయినావిడ నోరా ఔనోర్. ఫిలిప్పీన్స్‌లో సూపర్‌స్టార్ అంటే ఆవిడే. 2025 ఏప్రిల్ 16న 71 ఏళ్ల వయసులో పోతే, 22న ప్రభుత్వ లాంఛనాలతో అక్కడి వీరుల శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ సంగతి మీ వార్తలో లేనే లేదు.

నేను ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో మెడిసిన్ చదివాను. మా ఇంటి ఓనరమ్మ టీవీ ముందు ఇస్త్రీ చేసుకుంటూ ఉండేది, 1982లో వచ్చిన నోరా సినిమా 'హిమాలా' వేశారంటే మాత్రం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసేది. చివర్లో ఇసుక కొండ మీద వేల మంది జనం ముందు నిలబడి నోరా వేసిన ఎల్సా పాత్ర, మహిమలంటూ ఏమీ లేవని చెప్పే మాటలను టీవీ కంటే ముందే ఆవిడ పలికేది. నాకప్పటికి భాష సరిగా రాదు, అయినా నోరా కళ్లు చూస్తూ ఏడ్చేశాను. ఆ సినిమా 1983లో బెర్లిన్ ఉత్సవం పోటీకి వెళ్లింది.

ఇరిగ అనే చిన్న ఊళ్లో పుట్టి, చిన్నప్పుడు రైలు ప్రయాణికులకు చల్లటి నీళ్లు అమ్మిన పిల్ల, 1967లో పాటల పోటీ గెలిచి పైకొచ్చింది. తెల్లతోలు ఉంటేనే హీరోయిన్ అనే రోజుల్లో చామనఛాయతో, పొట్టిగా ఉండి ఏలింది. పనివాళ్లు, బట్టలుతికేవాళ్లు ఆమెను 'అతె గై' అనేవాళ్లు, అతె అంటే అక్క.

డ్రగ్స్ కేసు నిజమే, 2005లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో పట్టుకున్నారు, తర్వాత ఆ కేసు కొట్టేశారు. కానీ ఆ ఒక్కదాన్నే పట్టుకుని 2014లో అక్కడి అధ్యక్షుడు అకీనో, 'జాతీయ కళాకారులు' అనే ఆ దేశపు అత్యున్నత కళా గౌరవం జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు, సాంస్కృతిక సంస్థలు సిఫారసు చేసినా సరే. అప్పుడు నేనక్కడే ఉన్నాను, ఓనరమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. 2018లోనూ ఆ గౌరవం ఇవ్వలేదు, 2022లో గానీ దక్కలేదు. అధికారుల పద్ధతి ఎక్కడైనా ఇంతే, ఎస్వీ రంగారావు గారికి మనవాళ్లు ఒక్క పద్మ పురస్కారమైనా ఇచ్చారా? బతికుండగా చేతులు రావు వీళ్లకి. ఇప్పుడు పత్రికలు కూడా అదే దారి పట్టాయి, మనిషి పోయాక మచ్చ మాత్రం ఏరి హెడ్డింగ్ పెడుతున్నాయి.

ఇంకో మాట. సింగపూర్‌లో పనిమనిషిగా ఉంటూ 1995లో ఉరిశిక్షకు గురైన ఫిలిప్పీన్స్ మహిళ ఫ్లోర్ కాంటెంప్లాసియాన్ పాత్రను నోరా అదే ఏడాది వేసి, కైరో చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి అయ్యింది. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు గల్ఫ్ ఇళ్లల్లో పనికి వెళ్తున్నారో మీ విలేఖరులకు తెలియదా? ఆ ఇళ్లలోనూ మీ పేపర్ చదువుతారు. వాళ్లకు చెప్పాల్సిన నటి కాదా ఈమె?

వచ్చే ఆదివారం సంచికలో ఆమె ఫొటోతో ఒక పేజీ వేయండి. హెడ్డింగ్‌లో ఆమె పేరు రాయండి, కేసు పేరు కాదు.

– ఒక పాఠకురాలు, కాకినాడ